మన వాణిజ్యభవనము – నిర్మాణవిధానము



మన విద్యార్థివసతిగృహమునకు స్థిరమైన రాబడి కలుగుటకై వరంగల్లున పలు అంతస్తుల వాణిజ్యభవనము కట్టింప సంఘము సంకల్పించినది. సంకల్పము శ్లాఘ్యము. అయితే సిద్ధపఱచిన పటమున మూడు వైపుల అద్దపుగోడలు కలవు. మన యెండలకు అద్దపుగోడ కొలిమివంటిది. వచ్చు అద్దెలో గొప్పభాగము చల్లదనపు యంత్రముల విద్యుత్తునకే వ్యయమైనచో, తఱుగునది మన పిల్లల యన్నమే.

పూర్వులు చూపిన మార్గము ఈ మేడారమునకు సమీపముననే యున్నది. గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన 1213 నాటి రామప్పదేవాలయపు శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన యిటుకలు వాడిరి. పైబరువు తగ్గినకొలది పునాదికి శ్రమ తగ్గును.

నేటి నిదర్శనమును కలదు. హైదరాబాదున 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ హరితవాణిజ్యకేంద్రము అమెరికా వెలుపల లీడ్ ప్లాటినమ్ గుర్తింపు పొందిన మొదటి భవనము. అందు జాలిగోడలు, నడిముంగిళ్లు, కప్పుపై పచ్చిక అమర్చిరి. వాడిన నీటిని శుద్ధిచేసి మరల వినియోగించు ఏర్పాటు కావించిరి.

కావున మా మనవి యిది. చెల్పూరు విద్యుత్కేంద్రపు బూడిదతో చేసిన యిటుకలు వాడవలయును. వానికి పొలముల మేలిమట్టియు, బట్టీలో కాల్చు వంటచెఱకును అక్కఱలేదు. పడమటిగోడకు కిటికీలు తగ్గించి, నీడచూరులు పెంచవలయును. కప్పుపై సూర్యఫలకములు, నేలక్రింద వాననీటి తొట్టి యుండవలయును. ఆరంభవ్యయము కొంత హెచ్చును. ఏటేటి వ్యయము తగ్గును.

పోషకులు పటమును ఆమోదించుటకు మునుపే ఈ విషయమును విచారింతురు గాక. బాలుర చదువుకొఱకు కట్టు మేడ, వారి కాలపు నేలను నీటిని హరింపరాదు.