జావా నుంచి మన చేన్లకు వచ్చిన బడి

(పరకాలలో సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఇండోనేషియా గురించి మాట్లాడుకుందాం. పత్తికి మందు కొట్టే రోజుల్లో సముద్రాల అవతలి దేశం ముచ్చట మనకెందుకని ఇందాక ఒకరిద్దరు అడిగారు. మన ఊళ్లలో వ్యవసాయ శాఖవాళ్లు పొలంబడి అని పెట్టేవారు, గుర్తుందా? ఆ బడి పుట్టింది అక్కడే.

ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండోనేషియా ముందు వరుసలో ఉంటుంది. మనలాగే చిన్న కమతాలు, వరి పంట. జావా దీవిలో ముస్లిం రైతుల ఇళ్లలో కూడా వరి తల్లిని 'దేవి శ్రీ' అని తలుచుకునే ఆనవాయితీ ఉంది. పీర్ల పండుగకు ఊరంతా కదిలే మనకు ఇది వింతేమీ కాదు.

1970లలో అక్కడి ప్రభుత్వం కొత్త వరి రకాలతో పాటు పురుగు మందులనూ భారీ సబ్సిడీ మీద ఇచ్చింది. చౌకగా వస్తే ఎవరు మానుతారు? రైతులు కొట్టారు. సుడిదోమ తగ్గకపోగా పెరిగింది. దోమ గుడ్లు వరి దుబ్బులో ఆకు తొడిమ లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. పైన తిరిగే సాలీడు మాత్రం చచ్చిపోతుంది. కొన్ని రోజులకు గుడ్లు పగిలి పిల్లదోమలు వస్తే, తినేవాడు ఉండడు. బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని 1984లో చెప్పుకున్న దేశానికి రెండేళ్లకే మళ్లీ దోమ భయం పట్టుకుంది.

1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల మందులను నిషేధించాడు. 1989 నాటికి సబ్సిడీ కూడా ఎత్తేశారు. సుహార్తో సైనిక నియంత, ఆయన్ని పొగడడానికి మనం ఇక్కడ కూర్చోలేదు. కానీ మందు తీసేశాక రైతుకు ఏమివ్వాలన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబుగా ఆ 1989లోనే, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, పొలంబడులు మొదలయ్యాయి.

పద్ధతి చూడండి. దాదాపు 25 మంది రైతులు, వారానికో పూట, నాటు నుంచి కోత దాకా. అయిదారుగురు ఒక జట్టుగా మడిలో దిగి దుబ్బులు చూస్తారు. పంటను తినే పురుగులెన్ని, వాటిని తినేవి ఎన్ని అని లెక్క పెడతారు. గట్టు మీద కూర్చుని పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. ఈ వారం మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్లే వాదించుకుని తేల్చుకుంటారు. సాలీడునూ దోమలనూ ఒకే సీసాలో వేసి తెల్లారి ఎన్ని మిగిలాయో చూస్తారు. 'సారూ, ఇదేం పురుగు?' అని అడిగితే శిక్షకుడు పేరు చెప్పడు. 'ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తోంది?' అని ఎదురడుగుతాడు. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పదేళ్లలో సుమారు 10 లక్షల మంది ఇలా చదువుకున్నారు. తర్వాత వాళ్లే సంఘం కూడా కట్టుకున్నారు.

ఇక మన సంగతి. 1997-98లో వరంగల్ పత్తి రైతుకు ఏం జరిగిందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. లద్దె పురుగు చావని మందు మనిషిని చంపింది. ఆ తర్వాత 1999 నుంచి 2004 దాకా యూరప్ డబ్బుతో ఆరు దేశాల్లో పత్తి పొలంబడులు నడిచాయి. అందులో మన రాష్ట్రం ఉంది, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా ఉన్నాయి. కార్గిల్‌లో తుపాకులు పేలిన ఏడాదే మొదలైన ఆ పనిలో అక్కడి పత్తి రైతూ ఇక్కడి పత్తి రైతూ ఒకే పాఠం చదివారు.

మరి ఎందుకు నిలవలేదు? తప్పు మనదీ ఉంది. 2002లో బీటీ వచ్చింది, పచ్చపురుగు తగ్గింది, ఇక బడి ఎందుకనుకున్నాం. గులాబీ పురుగు వచ్చాక తెలిసింది. మేం చూసిన ఒక ఊళ్లో బడి రెండు పూటలే నడిచింది, రిజిస్టరులో మాత్రం సీజనంతా హాజరు పడింది. ఇప్పుడు రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. తెర మీద శాస్త్రవేత్త మాట వినొచ్చు, కాదనం. కానీ పురుగు ఉండేది చేన్లో.

ఇంకో తేడా ఉంది. అక్కడ సర్కారు ముందు మందుల సంగతి తేల్చి, తర్వాత బడి పెట్టింది. ఇక్కడ బడి పెట్టారు గానీ దుకాణం జోలికి పోలేదు. మనకు సలహా చెప్పేది, ఉద్దెర ఇచ్చేది, పంట వచ్చాక పట్టుకుపోయేది చాలా చోట్ల ఒకరే. ఆ బాకీ ఉన్నంతకాలం 'ఈ వారం కొట్టను' అనడం ఎంత కష్టమో మనకు తెలుసు. అయినా పాత వరంగల్ జిల్లాలోని ఏనబావి, ఖమ్మం వైపు పునుకుల ఆ మాట అనగలిగాయి. ఊరంతా కలిసి అన్నాయి కాబట్టే సాధ్యమైంది.

ఇండోనేషియాలో కూడా అంతా బాగుందని చెప్పం. సర్కారు చేయి వదిలేశాక మందుల వాడకం మళ్లీ పెరిగింది. 2010-11లో జావాలో సుడిదోమ మళ్లీ వరిని తుడిచిపెట్టింది.

అందుకని ఈ వానాకాలం సంఘమే రెండు బడులు నడపాలని అనుకున్నాం. ఒకటి పత్తిలో, ఒకటి వరిలో. ఒక్కో బడికి 25 మంది, అందులో సగం మంది ఆడవాళ్లు. మందు కలిపేదీ నీళ్లు మోసేదీ వాళ్లయితే హాజరు పట్టీలో పేరు మగవాళ్లదే ఉండడం ఇకనైనా ఆగాలి. వ్యవసాయ అధికారులను పిలుస్తాం. వస్తే మంచిది, రాకపోతే పాత పొలంబడిలో చదివినవాళ్లు మనలోనే ఉన్నారు. పట్టా పాసుపుస్తకం అడగం, కౌలు రైతులు కూడా పేరు రాయించండి. ప్రతి బుధవారం పొద్దున 7 గంటలకు. ఒక నోటుబుక్కు, పెన్సిలు, మూతున్న గాజు సీసా తెచ్చుకోండి.