గిలాబు కాకముందే చూసుకుందాం

మాడుగులపల్లిలో సంఘం అప్పుతో టిఫిన్ సెంటరో, క్యాంటీనో పెట్టాలనుకునే మనకు ఒక మాట. ఇంట్లో నల్లా ఆగితే బిందెతో సర్దుకుంటం. హోటల్‌లో ఆగితే ఆ రోజు గల్లా ఖాళీ. కిస్తీ మాత్రం ఆగదు.

అందుకే కూలి తక్కువని ప్లంబర్‌ను పెట్టుకోవద్దు. ఇంతకుముందు హోటల్ పని చేసిన చోటికి పోయి చూద్దాం. సామానుకెంత, కూలికెంత వేర్వేరుగా రాయించుకుందాం. వేడినీళ్లకు సీపీవీసీ పైపే వేయించాలె; దాని మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 15778 నంబరు చూడాలె. గిన్నెలు కడిగిన జిడ్డు మోరీని మూసేస్తది, జిడ్డు ఆపే గుంత ముందే కట్టించాలె. గిలాబు కాకముందే పైపులల్ల ఒత్తిడితో నీళ్లు నింపి, కారుతున్నయా చూడాలె. చివరి పైసలు ఆ తర్వాతే.

అప్పు సంఘం పేరు మీద ఉన్నది. పని కూడా సంఘం కండ్ల ముందరే కావాలె.