మనసు సంగతి ఎవరి చేతికి ఇయ్యాలె?
(సంఘ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మనం స్కాలర్‌షిప్పులు, ఖబ్రస్తాన్ ప్రహరీ, బీడీలు చేసే ఆడవాళ్ల కష్టసుఖాలు మాట్లాడుకుంటాం. ఈసారి మేము ఎత్తుకున్న సంగతి వినగానే కొందరు పెద్దలు గొంతు సవరించుకోవచ్చును. ఒక పిల్లవానికి ఒక పిల్ల మీద మనసైంది. ఆ పిల్ల మనసులో ఏమున్నదో తెలియదు. అడిగితే పరువు పోతుందని భయం, అడగకుంటే నిద్ర పట్టదు. ఆడపిల్లకైతే ఈ భయం పదింతలు. ఇది నేటి రోగం కాదు, కాని దీనికి మందిస్తామని సెల్‌ఫోన్లలో అంగళ్లు వెలిసినవి. అది కొత్త.

వీటిలో సగం వట్టి ఆటలే. బడి నోటుబుక్కు వెనుక అట్ట మీద ఇద్దరి పేర్లు రాసి, కలిసిన అక్షరాలు కొట్టేసి, మిగిలినవి లెక్కబెట్టి ‘ఫ్లేమ్స్’ ఆడని బడి మన జిల్లాలో ఉన్నదా? ఫోనులోని ప్రేమ లెక్కల యాపులు కూడా ఆ తోవనే. పేర్లు మీటితే నూటికి ఎనభై అంటయి. అవతలి మనిషిని అడిగిన వాడు ఎవడూ లేడు, మరి ఎనభై యెక్కడిది?

మిగిలిన సగం నిజంగా పనిచేసేవి. ఫేస్‌బుక్ కంపెనీ 2019లో తన డేటింగ్ విభాగంలో ‘సీక్రెట్ క్రష్’ అని ఒకటి పెట్టింది. తన స్నేహితులలో తొమ్మిది మంది దాకా పేర్లు రహస్యంగా రాసుకోవచ్చు. అవతలి వారు కూడ మన పేరు రాస్తేనే ఇద్దరికీ కబురు. లేకుంటే ఎవరు రాసిందీ బయటపడదు. ఆలోచన తెలివైనదే, కాదనము. కాని గమనించండి. ఇద్దరికీ తెలియని సంగతి మూడో వానికి, అంటే కంపెనీకి, తెలుసు. ఆ లెడ్జరు వాని దగ్గరనే ఉంటది. 2015లో కెనడా దేశపు యాష్లీ మాడిసన్ అనే రహస్య పరిచయాల కంపెనీ ఖాతాలను దొంగలు ఎత్తుకపోయి బజారున పరిచిరి. మూడు కోట్ల పైచిలుకు ఖాతాలు! ఆ కంపెనీ చేసిన వ్యాపారం చెప్పడానికే సిగ్గు, అది వేరే మాట. తాళం ఎవడిదో వానిదే పెట్టె అన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఇంకొక లోపం. ఆకతాయి ఒకడు తమాషాకు తొమ్మిది పేర్లూ రాస్తే, నిజంగా మనసు పడ్డ అమాయకురాలి రహస్యం వాని చేతిలో పడుతుంది. యంత్రానికి పేర్లు కలుస్తయే తప్ప నియ్యత్ కనబడదు.

మూడో వాడు లేకుండనే తేల్చే ఉపాయం కూడ లోకంలో ఉన్నది. 1989లో బెర్ట్ డెన్ బోర్ అనే గణితవేత్త ఐదు పేకముక్కలతో చూపించిండు. పేక అనగానే కోపగించకండి, చీటీలతోనైనా అవుతుంది. మూడు ఎర్రవి, రెండు నల్లవి. ఒక ఎర్రది నడుమ బోర్లించి, తలా ఒక ఎర్రది, ఒక నల్లది తీసుకోవాలె. ఇష్టమైతే తన ఎర్రది నడిమి చీటీ పక్కకు వచ్చేటట్టు, లేకుంటే నల్లది వచ్చేటట్టు, రెండూ బోర్లించాలె. తరువాత వరుస చెడకుండ పైవి కిందికి ఎన్నోమార్లు మార్చి, గుండ్రంగా పరిచి తెరవాలె. మూడు ఎర్రవి ఒక్కచోట ఉంటే ఇద్దరికీ ఇష్టమే. విడిపోతే, కాదన్న వానికి అవతలి వారి మనసు తెలియనే తెలియదు. ఎంత చక్కని లెక్క! అయితే ఆ పిల్లను ఈ ఆటకు కూచోమని పిలుచుడే సగం చెప్పినట్టు కాదా?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాము. హజ్రత్ ఖదీజా (ర) గారి వివాహం ఎట్ల కుదిరిందో సీరత్ గ్రంథాలలో ఉన్నది. ఆమె తరఫున నఫీసా అనే స్నేహితురాలు వెళ్లింది. ముందుగా పేరు చెప్పలేదు. పెండ్లి ఎందుకు చేసుకోలేదని మాత్రమే అడిగింది. చేతిలో సొమ్ము లేదని దైవప్రవక్త (స) వారు చెప్పినారు. ఆ చింత లేకుండ, గౌరవం గల చోటు నుండి పిలుపు వస్తే ఎట్లాగని అడిగి, అటు మొగ్గు కనబడిన పిదపనే ఖదీజా గారి పేరు చెప్పింది. మొదటనే ఇష్టం లేదన్న మాట వచ్చి ఉంటే ఆ పేరు నఫీసా నోట వెలువడేదే కాదు. ఫేస్‌బుక్ పద్ధతి ఇదే కాదా? తేడా ఒక్కటే, నఫీసాకు ఇద్దరి మర్యాదా తెలుసు.

దక్కన్‌లో ఈ పని మష్షాతా చేసేది. ఇండ్లల్ల ఖాలా, ఫూఫీ చేసేవారు. ఇప్పుడు మన పోరగాళ్లు దుబాయి, మస్కట్ క్యాంపులలో, ఫూఫీ ఇక్కడ. రాత్రి డ్యూటీ దిగినవానికి చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. ‘నిన్ను మీ ఊరి పిల్ల ఒకతె ఇష్టపడుతున్నది, పేరు కావాలంటే ఇంత పంపు’ అని మెసేజి వస్తే వాడు నమ్మడా? పేరు మార్చి ఇట్ల మోసగించేవానికి ఐటీ చట్టం 66-డి కింద మూడేండ్ల దాకా శిక్ష ఉన్నది. సొమ్ము పోయినవారు ఇక్కడివారైతే 1930కి వెంటనే ఫోను చెయ్యాలె. సిగ్గుపడి ఊరుకున్నకొద్దీ ఆ సొమ్ము చేతులు మారిపోతది.

పెద్దలతో ఒక మాట, కొంచెం కటువుగానే. పిల్లలు మనసు మాట యంత్రానికి చెప్పేది దాని మీది ప్రేమతో కాదు, ఇంట్ల చెప్పితే చెంప పగులుతదని. ఖన్సా బిన్తె ఖిజామ్ (ర) తనకు ఇష్టం లేని నికాహ్ తండ్రి చేసిండని మొరపెట్టుకుంటే, దైవప్రవక్త (స) దానిని రద్దు చేసినారు. ఆడపిల్ల ఇష్టానికి అంత బరువు ఇచ్చిన దీన్ మనది. మరి ఆ ఇష్టం వినేటందుకు మన ఇండ్లల్ల ఒక్క చెవి అయినా లేకపాయె.

కనుక మేము సభ ముందు ఉంచేది ఇది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో, నోరు కట్టుగల పెద్దమ్మలను ఇద్దరిద్దరిని సంఘం ఎంచుకోవాలె. పిల్లగాని మాటైనా, పిల్ల మాటైనా వారు విని, నఫీసా వలె పేరు దాచి అవతలి మనసు కనుక్కోవాలె. రిజిస్టరు వద్దు, ఫీజు వద్దు, జోడె కట్నం ఊసు అసలే వద్దు. కాదన్న మాట వస్తే అక్కడనే పూడ్చిపెట్టాలె. పేర్లు సూచించదలచిన తల్లులు మహిళా విభాగం వారికి ఈ సాయంత్రం భోజనాలకు ముందే చెప్పగలరు.