విచారణలో సమానత



1955లో సోవియట్ దేశముతో ఒప్పందము జరిగి, ఉక్కు కర్మాగారము వెలసిన నాటినుండి దేశపు నలుమూలలవారు భిలాయికి జీవనార్థము వచ్చిరి. ఆ విధముగనే మనమును ఈ సెక్టర్ 7 లో ఇరుగుపొరుగులమైతిమి. ఇట్టిచోట జాతి, కులము, పుట్టిన ప్రాంతము కారణముగా ఉద్యోగికి అన్యాయము జరిగినచో విచారణలో దాని నెట్లు ఎదుర్కొనవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

ఈ బాధ మన పెద్దలకు కొత్త కాదు. మన ఊరి మీదుగా పోవు రైలుమార్గము పూర్వము బెంగాల్ నాగపూర్ రైల్వే వారిది. ఆ కాలమున రైల్వేలలో పై కొలువులు ఐరోపీయులకును ఆంగ్లో ఇండియనులకును, కష్టము భారతీయులకును అన్నట్లుండెను. ఆ రైల్వే కార్మికుల పక్షమున వరాహగిరి వేంకటగిరిగారు పోరాడిరి. నాడు సంఘబలమొక్కటే ఆధారము. 1950 నుండి మనకు రాజ్యాంగములోని 16వ అధికరణము కూడ తోడైనది. మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అనువాని కారణముగా మాత్రమే ప్రభుత్వోద్యోగమున వివక్ష చూపరాదని దాని శాసనము.

అయినను హక్కు ఉండుట వేరు, దానిని రుజువు చేయుట వేరు. తన్ను చిన్నచూపు చూచిరని చెప్పినంత మాత్రమున విచారణలో గెలుపు రాదు. అవమానమును వర్ణించుటకంటె భేదమును చూపుట ముఖ్యము. 1951 నాటి వేంకటరమణ వ్యాజ్యము దీనికి నిదర్శనము. మద్రాసు రాష్ట్రములో జిల్లా మునసబు కొలువులను ప్రభుత్వము కులమతముల వారీగా పంచినది. ఆ పంపకము లేనిచో ఆయన మార్కులకు ఉద్యోగము వచ్చియుండెడిదని ఒప్పుకొనబడినది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు ఆయన హక్కునకు భంగకరమని తీర్పు చెప్పెను. షెడ్యూల్డు కులములకును వెనుకబడినవారికిని గల కేటాయింపును మాత్రము తప్పుపట్టలేదు.

కనుక బాధితుడు మొదట తనతో సమానమైన అర్హత, సర్వీసు గలవానికి అదే సందర్భమున ఏమి జరిగెనో చూపవలెను. ఒకే తప్పునకు ఒకనికి మందలింపు, మరియొకనికి ఇంక్రిమెంటు కోత పడినచో, ఆ రెండు ఉత్తర్వులను ప్రక్కప్రక్కన ఉంచి కారణ మడుగవలెను. నోటిమాటగా చెప్పినదానిని అదేరోజున తేదీతో వ్రాసి ఉంచుకొనవలెను. సంజాయిషీలో కోపమునకు చోటీయరాదు.

ప్రభుత్వోద్యోగిపై అభియోగము వచ్చినప్పుడు 311వ అధికరణము రక్షణ నిచ్చును. అభియోగమేమో తెలిసికొనుట, దానిని కాదనుట, ఎదుటి సాక్షులను ప్రశ్నించుట, తన సాక్షులను పిలుచుకొనుట అతని హక్కులని 1957లో ఖేమ్‌చంద్ తీర్పు స్పష్టపరచినది. హిందూస్థాన్ స్టీలు ఉద్యోగులకు ఈ అధికరణము వర్తింపదని 1969లో సుప్రీంకోర్టు చెప్పినది. అంతమాత్రమున కర్మాగార సోదరులు నిరాధారులు కారు. ప్రభుత్వమునకు సాధనములైన సంస్థలును సమానత్వ నియమమునకు లోబడియుండవలెనని 1980 నాటి అజయ్ హసియా తీర్పు వలన స్థిరపడినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులు శాఖలోని అప్పీళ్లు ముగించుకొని పరిపాలనా ట్రిబ్యునలుకు పోవచ్చును. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా పోవుట అవసరము. ఆలస్యమైనచో దానికి తగిన కారణము చూపవలసియుండును.

చివరకు ఒక విన్నపము. దస్త్రములు పై అధికారి బీరువాలో ఉండును. నిజము తోటి ఉద్యోగి కంటిలో ఉండును. అతడు భయపడి నోరు మెదపనిచో చట్టమెంత గొప్పదైనను నిరుపయోగము. మన తెలుగువానికి అన్యాయము జరిగినప్పుడు మనము సాక్ష్యము చెప్పుట సహజము. ఛత్తీస్‌గఢీ కూలికిగాని, ఒడియా గుమాస్తాకుగాని, మనవాడే అయిన అధికారి అన్యాయము చేసినప్పుడును ముందుకు వచ్చి సాక్ష్యము చెప్పగలమా? మనము కోరు కొలబద్దతో ఇతరులకును కొలిచిననాడే మన ఫిర్యాదునకు బలము చేకూరును. ఈ సంఘము పండుగలతోపాటు అట్టి ధైర్యమును కూడ పెంపొందింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.