పాసు పుస్తకం చదువుదాం, కాగితం మీద అడుగుదాం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఈ సభ జరుపుకుంటున్నాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఆ హక్కు గురించి ఈ వేదిక మీద పెద్దలు చాలాసార్లు చెప్పారు. నేను చెప్పబోయేది ఆ తర్వాతి సంగతి. హక్కుగా వచ్చిన డబ్బు ఖాతాలో పడ్డాక మనకు తెలియకుండా జారిపోయే రూపాయల సంగతి, మనం పెట్టిన సంతకం వల్ల నెత్తిన పడే అప్పుల సంగతి.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో పనిచేశాను. పైసా తేడా వస్తే బిల్లు వెనక్కి పంపిన వాణ్ణి. అలాంటి నేను నా సొంత పాసు పుస్తకం ఐదేళ్లు తెరవలేదు. 2014లో రిటైరయ్యాక పెన్షన్ ఇంటి దగ్గరి బ్రాంచికి మార్చుకున్నాను. జీతం పడే పాత ఖాతాలో నాలుగు వేల చిల్లర ఉండిపోయింది. ఉంటే ఉందిలే అనుకున్నాను. 2019లో పుస్తకం ఎంట్రీ వేయిస్తే మిగిలింది నాలుగు వందల లోపు. జీతం పడటం ఆగిపోయాక ఆ ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిందట. కనీస నిల్వ లేదని మూడు నెలలకోసారి కోసుకుంటూ వచ్చారు.

కౌంటరులో అడిగితే ఆ అబ్బాయి, "సిస్టం వేసిందండీ, మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. సిస్టం తనంతట తాను ఏదీ వేయదు, ఎవరో ఒకరు వేయమని చెబితేనే వేస్తుంది. ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద రెండే ప్రశ్నలు రాశాను. ఏ తేదీన నాకు నోటీసు ఇచ్చి ఈ రుసుము వేశారు? రెండేళ్లు లావాదేవీ లేక నిద్రాణమైన ఖాతాలో ఏ నిబంధన ప్రకారం వేశారు? రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకున్నాను.

ఈ ప్రశ్నలు నేను కల్పించినవి కావు, రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనివే. కనీస నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా ఖాతాదారుకు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి. రుసుము తగ్గిన మొత్తానికి తగినట్టుగానే ఉండాలి. ఈ ఒక్క రుసుము వల్ల ఖాతా సున్నా కంటే కిందికి పోకూడదు. 2015 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఇక లావాదేవీలు లేక నిలిచిపోయిన ఖాతాలో కనీస నిల్వ జరిమానా వేయకూడదని 2014లోనే చెప్పారు. 2024 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త ఆదేశాల్లోనూ అదే ఉంది.

నెల రోజులు చూశాను. జవాబు లేదు. ముద్ర ఉన్న ప్రతి జతచేసి అంబుడ్స్‌మన్‌కు రాశాను. అక్కడ విచారణ మొదలు కాకముందే ఖాతా నిలిచిపోయిన తర్వాత కోసిన మొత్తం తిరిగి జమయింది. అంతకుముందు కోసింది మాత్రం రాలేదు. నోటీసులు పంపామని బ్యాంకు చూపించింది. అవి వెళ్లింది నేను ఖాళీ చేసిన క్వార్టరు చిరునామాకు. చిరునామా మార్చుకోనిది నేను. ఆ నష్టం నా ఖాతాలోనే రాసుకున్నాను.

కాబట్టి మిత్రులారా, మూడు నెలలకోసారి పుస్తకం ఎంట్రీ వేయించండి. ఖర్చు వైపున్న ప్రతి గీతకూ అర్థం అడగండి. మీరు కోరని బీమా ప్రీమియం ఉందా, వాడని కార్డుకు ఏడాది రుసుము ఉందా చూడండి. ఏటీఎంలో నగదు రాకుండానే ఖాతాలో తగ్గితే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో బ్యాంకు తిరిగి జమ చేయాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు మనం అడగకుండానే ఇవ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశమిది. బ్యాంకే పెన్షన్ లెక్కకట్టి చెల్లించే చోట పెన్షన్ గానీ బకాయిలు గానీ ఆలస్యమైతే ఏడాదికి 8 శాతం వడ్డీ ఇవ్వాలని కూడా నిబంధన ఉంది.

ఫిర్యాదుకు మెట్లు మూడే. మొదటిది, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం. రెండోది, 30 రోజులు ఆగడం. మూడోది, జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపడం. మన దేశంలో ఈ ఏర్పాటు 1995లో మొదలయింది. 2021 నవంబరు 12న మూడు వేర్వేరు పథకాలను కలిపి ఒక్కటి చేశారు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి పోస్టులో పంపినా తీసుకుంటారు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బ్యాంకుకు రాయకుండా తిన్నగా అక్కడికి వెళితే మాత్రం తిప్పి పంపుతారు. అందుకే ఆ ముద్ర కాగితం జాగ్రత్త.

ఇక అప్పుల సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది.

2011లో మా సెక్షన్‌లోని మిత్రుడు కొడుకు వ్యాపారం కోసం బ్యాంకులో ఐదు లక్షలు తీసుకున్నాడు. "నువ్వో సంతకం పెట్టరా, ఫార్మాలిటీయే" అన్నాడు. క్యాంటీన్‌లో టీ తాగుతూ జామీను సంతకం పెట్టాను. మా ఇంట్లో చెప్పలేదు. 2015లో ఆయన గుండెపోటుతో పోయాడు. వ్యాపారం అంతకుముందే మూతపడింది. ఏడాది తిరక్కుండా నాకు బ్యాంకు ఉత్తరం వచ్చింది. వడ్డీతో కలిపి మూడు లక్షల ఇరవై వేలు కట్టమని. ఆ ఉత్తరం అందుకున్నది నా భార్య.

జామీను ఫార్మాలిటీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు వాణ్ణి అడిగి, ఆ తర్వాతే నన్ను అడగాలని అనడానికి లేదు. సంతకం పెట్టేముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ డబ్బు మొత్తం నేనే కట్టాల్సి వస్తే కట్టగలనా? కట్టలేనంటే స్నేహం పోయినా సరే, సంతకం వద్దు.

కోపంతో మిత్రుడి ఇంటికి వెళ్లాను. ఆవిడ లోపలికి వెళ్లి, చేతి గాజులు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అన్నయ్యా, ఇంతకంటే ఏమీ లేదు" అంది. వసూలు ఏజెంట్లు పొద్దున్నే ఫోన్ చేసి, పెన్షన్ ఆపించేస్తామని బెదిరించారట. నా కోపం అక్కడే చల్లారింది. గాజులు తీసి లోపల పెట్టుకోమన్నాను.

ఇక్కడున్న సోదరీమణులు ఈ మాటలు జాగ్రత్తగా వినాలి. చనిపోయిన వ్యక్తి అప్పుకు వారసులు బాధ్యులే గానీ, ఆయన నుంచి తమకు సంక్రమించిన ఆస్తి మేరకే. విడిగా మీరు సంతకం పెట్టి ఉంటే తప్ప మీ సొంత సంపాదన మీదికి రాలేరు. ప్రభుత్వ పెన్షన్‌ను అప్పుల వాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయించడానికి వీల్లేదు. 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ దీనికి రక్ష. అయితే పెన్షన్ మీద మనమే రుణం తీసుకుని, కోసుకోమని రాసిచ్చి ఉంటే అది వేరు సంగతి. ఇక ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మళ్లీ గట్టిగా చెప్పింది. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకమే రేపు సాక్ష్యం.

మా గొడవ లోక్ అదాలత్‌లో తేలింది. మొత్తం రెండు లక్షల నలభై వేలకు రాజీ కుదిరింది. లక్షన్నర నేను కట్టాను, తొంభై వేలు ఆ అబ్బాయి తెచ్చాడు. లోక్ అదాలత్ తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకని అంకెలన్నీ సరిచూసుకునే సంతకం పెట్టాలి. బాకీ లేదన్న ఉత్తరం అడిగి తీసుకోవాలి.

అయినా కథ అక్కడితో ముగియలేదు. 2019లో మా అబ్బాయి ఇంటి రుణానికి నన్ను కూడా దరఖాస్తుదారుగా చేర్చితే బ్యాంకు తిరస్కరించింది. క్రెడిట్ రిపోర్టులో నా పేరు మీద ఆ పాత బాకీ ఇంకా మొత్తం చెల్లించాల్సినట్టే ఉంది! రాజీ కాగితాలు జతచేసి రాస్తే సరిచేశారు. సరిచేశాక కూడా 'పూర్తిగా తీరింది' అని కాదు, 'సెటిల్డ్' అనే ఉంది. తగ్గించి కడితే ఆ మాట రిపోర్టులో కనబడుతుంది, కొత్త అప్పుకు అడ్డం పడుతుంది. రాజీకి ఒప్పుకునేముందు ఇది తెలిసి ఉండాలి. దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుందని రాస్తే 30 రోజుల్లో తేల్చాలి, లేకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ పరిహారం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకుని ఆ రిపోర్టు తెప్పించుకోండి.

ఆఖరుగా వడ్డీ లెక్క. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే అది ఏడాదికి 24 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం. అదే క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంటే నోరు మెదపం. అది ఏడాదికి 36 నుంచి 42 శాతం! కనీస మొత్తం కట్టి ఊరుకుంటే అసలు దాదాపు అక్కడే ఉంటుంది. పిల్లలకు ఇది చెప్పండి. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చండి. బంగారం మీద తక్కువ వడ్డీకి తెచ్చి కార్డు బాకీ కట్టేసి, ఆ కార్డు రద్దు చేయడం తప్పు కాదు. కార్డు ఉంచుకుని బంగారం పెట్టడం మాత్రం తప్పు. ఫోనులో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోనివ్వకండి. 2020 డిసెంబరులో ఆ యాప్‌ల వేధింపులు భరించలేక మన తెలంగాణలోనే ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు. ఇంట్లో ఎవరైనా అందులో చిక్కుకుంటే తిట్టకండి. పోలీసులకు చెప్పండి. డబ్బు మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ప్రాణం కంటే పరువు పెద్దది కాదు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నా భార్య ఒక్క మాటే అంది. "డబ్బు పోతున్నందుకు కాదు, ఐదేళ్లు నాకు చెప్పనందుకు" అని. ఈ సభలో నేను చెప్పిన నిబంధనలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు, మన సంఘం కార్యాలయంలో అడిగితే మళ్లీ చెబుతారు. ఇవాళ ఇంటికెళ్లి పాసు పుస్తకాలు, అప్పు కాగితాలు, జామీను సంతకాల జాబితా తీసి ఇంట్లో వాళ్ల ముందు పెట్టండి. మన తర్వాత వాళ్లు ఆ కాగితాల్ని బ్యాంకు వాళ్ల చేతుల్లో మొదటిసారి చూసే పరిస్థితి రానివ్వకండి.