గింజ పేరు పోగొట్టుకోవద్దు



మనం ఎప్పుడూ భూమి గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు ఆ భూమిలో వేసే గింజ గురించి మాట్లాడుకుందాం. వాతావరణం మారిపోతోంది, అందుకే కరువును, వరదను, ఉప్పు నేలను తట్టుకునే కొత్త వరి వంగడాలు తయారు చేస్తున్నామని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. మంచిదే. కానీ మీరు ఒక్క ప్రశ్న అడగండి. ఆ తట్టుకునే గుణం వాళ్ళకి ఎక్కడ దొరికింది?

స్వర్ణ వరి మీకు తెలుసు. ఎంటీయూ 7029 అంటారు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టింది. దిగుబడి బాగుంటుంది. అయితే వరదలో వారం పైన మునిగితే చచ్చిపోతుంది. మునిగిన మొక్క గాలి కోసం పైపైకి సాగుతుంది, ఆ సాగడంలోనే ఒంట్లో దాచుకున్న శక్తంతా అయిపోతుంది. నీళ్ళు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు.

ఒడిశా రైతుల దగ్గర ధాల్‌పుటియా అనే నాటు వరి ఉండేది. అది మునిగితే సాగదు. ఎదుగుదల ఆపేసి, శక్తి దాచుకుని, నీళ్ళు తగ్గాక మళ్ళీ పెరుగుతుంది. దాన్నుంచి ఏరి తీసిన రకానికి ఎఫ్‌ఆర్ 13ఏ అని పేరు పెట్టారు. ఆ గుణానికి కారణమైన సబ్1ఏ జన్యువును 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మామూలు సంకరమే. ఏ పిల్ల మొక్కకు ఆ జన్యువు వచ్చిందో ల్యాబులో చూసి, దాన్ని మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. వరద పల్లాల్లో ఉండే పేద రైతుకు అది నిజంగా మేలు చేసింది. నేను సైన్సుకు వ్యతిరేకం కాదు.

కానీ చూడండి, ధాల్‌పుటియా అనే పేరు పోయి ఒక నంబరు మిగిలింది. జన్యువును కనిపెట్టినవాళ్ళ పేర్లు పత్రికల్లో ఉన్నాయి. ఆ గింజను తరతరాలుగా ఏరి, ఆరబెట్టి, దాచిన ఆడవాళ్ళ పేర్లు, మగవాళ్ళ పేర్లు ఆ కథలో ఎక్కడా వినపడవు. కేరళ పొక్కాలి వరి నుంచి ఉప్పును తట్టుకునే గుణం తీసుకున్నారు. అక్కడ కనీసం పొక్కాలి అనే పేరు నిలిచింది.

ఇది మనకెందుకు? మన కొండలకు ఆనుకుని ఉన్న కోరాపుట్, జయపూర్ ప్రాంతం వరికి పుట్టిళ్ళలో ఒకటని శాస్త్రవేత్తలే అంటారు. 1950ల చివర్లో అక్కడ సర్వే చేసి 1,700కు పైగా వరి రకాలు సేకరించారు. వాటిని కాపాడింది ఎక్కువగా ఆదివాసీలే. ఛత్తీస్‌గఢ్‌లో ఆర్.హెచ్. రిచారియా గారి కృషితో వేల రకాల సేకరణ తయారైంది. 2002లో రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సింజెంటా కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడింది. ఈ గింజలు ఎవరివని జనం నిలదీశారు. ఒప్పందం ఆగిపోయింది. అడిగితే ఆగుతుంది, అది గుర్తు పెట్టుకోండి.

అడగడానికి చట్టం కూడా ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001. రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవచ్చు కూడా. సెక్షన్ 40 అయితే మన గురించే. కొత్త రకాన్ని రిజిస్టర్ చేయించుకునేవాళ్ళు, గిరిజన కుటుంబాలో గ్రామీణ కుటుంబాలో కాపాడిన విత్తనాన్ని వాడితే దరఖాస్తులో చెప్పి తీరాలి. దాచిపెడితే దరఖాస్తు కొట్టేయొచ్చు. సెక్షన్ 41 కింద ఊరి తరఫున ఎవరైనా పరిహారం అడగొచ్చు.

అయితే ఒక చిక్కుంది. ఈ గింజ మాదని ఎలా చూపిస్తాం? మన గింజల పేర్లు కాగితం మీద లేవు, అవ్వల నోట్లో ఉన్నాయి. అవ్వ పోతే పేరూ పోతుంది. సబ్సిడీ బస్తా ఇంటికొచ్చిన ఏడాదే పాత గింజ అన్నంగా మారిపోతుంది.

అందుకే ఈ విత్తనాల పండుగకు మూడు పనులు చేయండి. ఒకటి, మీ ఊళ్ళో ఎవరి గాదెలో ఏ వరి ఉందో అడిగి రాయండి. మీ భాషలో దాని పేరేంటి, ఎన్ని రోజుల పంట, వాన ఆగిపోతే ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది, ఏ పొలంలో వేస్తారు, ఎవరు కాపాడారు, అన్నీ రాయండి. రెండు, ఆ రాసింది గ్రామసభలో చదివి తీర్మానం చేయించి, ఊరి జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎక్కించండి. రైతు రకంగా రిజిస్టర్ చేయించడానికి ఫీజు కట్టక్కర్లేదు. మూడు, ప్రతి రకాన్నీ కనీసం ఒక చిన్న మడిలోనైనా ఏటా వేయండి.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. చలిగదిలో దాచిన గింజ దాచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పొలంలో ఉన్న గింజ ఈ ఏటి వానను, ఈ ఏటి ఎండను చూస్తుంది. తట్టుకున్న కంకినే మన అమ్మలు మళ్ళీ విత్తనానికి తీస్తారు. అది కూడా పరిశోధనే. దానికి ల్యాబు లేదు, జీతం లేదు, అంతే తేడా.

రేపు ఏ గుణం అవసరమవుతుందో ఎవరికీ తెలియదు. అది మీ గాదెలోనే ఉండొచ్చు. అడగడానికి వచ్చినవాళ్ళకి గింజ ఇచ్చే ముందు దాని పేరు, మీ ఊరి పేరు రాయించి సంతకం తీసుకోండి. వాన పడేలోపు మొదలుపెట్టండి.

జోహార్.