నాట్ల నెలలో కోళ్లకు కాపలా

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అన్నది ఇందాక వీఓఏలు చదివి వినిపించారు. ఆ లెక్కల్లో కోళ్లు కనపడవు. చిన్న వ్యాపారం అనే గడిలో కిరాణం, కుట్టుమిషను, గాజుల దుకాణం పక్కన కలిసిపోతాయి. కానీ మన ఇండ్లల్లో చేతిఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు. పిల్లగానికి నోటుబుక్కు కావాలన్నా, దవాఖానకు ఆటో కిరాయి కావాలన్నా, కిస్తీలో వంద తక్కువైనా, ఎవరినీ అడగకుండా చేతికందే పైసలు గుడ్లవీ కోళ్లవే. అందుకే మాకిచ్చిన సమయం కోళ్లకే ఇద్దామని వచ్చాం. రోగం సంగతి పశువుల డాక్టరు గారు పోయినసారి చెప్పారు. మేము కుక్కల సంగతి చెబుతాం.

పోయిన వానాకాలం, నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, మా సంఘంలో ఒక అక్క ఇంటి మీద మధ్యాహ్నం మూడు కుక్కలు పడ్డాయి. ఊర్లో ఆడవాళ్లందరం పొలాల్లో ఉన్నాం. అక్కకు పదమూడు పెట్టలు, ఒక పుంజు, ఒక పెట్ట కింద తొమ్మిది పిల్లలు. సంఘంలో అప్పు తీసుకుని పెంచినవి. శ్రావణంలో ఊరి బోనాలకు అమ్మి కిస్తీలు కడదామని లెక్క వేసుకుంది. సాయంత్రం వచ్చి చూసేసరికి వాకిలి నిండా ఈకలు. ఏడు అక్కడే చచ్చి పడున్నాయి, మూడు గాయాలతో గడ్డివాము సందులో దూరాయి, నాలుగు కనపడలేదు. తల్లి పోయిన పిల్లలు పొయ్యి దగ్గర కట్టెల కింద చేరి అరుస్తున్నాయి.

కుక్క ఆకలితోనే కోడిని పట్టుకుంటుందని అనుకుంటాం. ఆకలే అయితే ఒకదాన్ని నోట కరుచుకుని పోతుంది. గుంపుగా వచ్చిన కుక్కలకు పరుగెత్తే కోడి ఆటవస్తువు. కదిలేదాన్నల్లా పడతాయి, కదలడం ఆగగానే వదిలి ఇంకోదాని వెంట పడతాయి. అందుకే ఒక్క పూటలో గూడు మొత్తం ఖాళీ అవుతుంది. ఇంకో మాట. ఒకసారి రుచి మరిగిన కుక్క మళ్లీ అదే ఇంటికి వస్తుంది. రేపో, ఎల్లుండో, ఆ వేళకే. ఆ వారం రోజులే అసలు జాగ్రత్త పడాల్సినవి.

మొదటి గంటలో ఏం చేశామో చెబుతాం, ఎందుకంటే మిగిలినవి బతికేదీ చచ్చేదీ అప్పుడే తేలుతుంది.

కుక్క నోట్లో ఉన్న కోడిని చేత్తో లాగొద్దు. నీళ్లు కొట్టండి, తట్ట విసరండి, కట్టెతో నేలను బాదండి. కోడి పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. మనిషికి పన్ను దిగితే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పసరు, కారం, సున్నం పెట్టి ఇంట్లో కూచోవద్దు. సూది మందు నాలుగుసార్లు వేస్తారు, తగ్గిందని మధ్యలో మానొద్దు.

గాయపడ్డ కోడిని ముందు వెలుతురు లేని చోట, గంప కింద గోనెసంచి పరిచి పెట్టండి. భయంతోనే చచ్చే కోళ్లు ఎక్కువ. చుట్టూ పదిమంది చేరి తలా ఒకసారి ఎత్తి చూస్తే అది బతకదు. నోరు తెరిచి నీళ్లు పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. బెల్లం కలిపిన నీళ్లలో ముక్కు కొస ముంచితే అదే తాగుతుంది. ఓ అరగంట తేరుకున్నాక ఈకలు ఎత్తి చూడాలి. పైకి ఏమీ లేనట్టుంటుంది, రెక్క కింద, వీపు మీద పంటి గాట్లు లోతుగా ఉంటాయి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చెంచాన్నర ఉప్పు వేసి ఆ నీళ్లతో కడిగాం. తర్వాత అయోడిన్ మందు పూశాం. మెడ కింద మేత సంచి చిరిగితే తిన్న గింజలు బయటికి వస్తాయి, దానికి కుట్లు పడాల్సిందే, డాక్టరు దగ్గరికి పోవాలి. పన్ను గాటు లోపల చీము పడుతుంది కాబట్టి మందు ఏది, ఎన్ని రోజులు అన్నది పశువుల దవాఖానలో అడగండి. మన ఇంట్లో మిగిలిన జ్వరం గోళీలు సగం చేసి వేయొద్దు. డాక్టరు మందు ఇస్తే ఎన్నాళ్లు ఆ గుడ్లు తినొద్దో కూడా అడగాలి.

వానాకాలంలో ఈగలు వాలితే ఒక్క రోజుకే పురుగు పడుతుంది. మేము గంప మీద పాత దోమతెర కప్పాం. ఇది ఎవరు చెప్పిందీ కాదు, ఇంట్లో చంటిపిల్ల దోమతెర కనపడితే కప్పాం, బాగా పనిచేసింది. దెబ్బ మానేదాకా మిగతా కోళ్లతో కలపొద్దు. ఎర్రగా కనపడితే సొంత గూటి కోళ్లే పొడిచి చంపుతాయి. ఆ మూడింట్లో ఒకటి ఆ రాత్రే పోయింది. పుంజూ ఒక పెట్టా బతికాయి. పెట్టకు అరచేయంత చర్మం ఊడింది, నెల దాటేసరికి కొత్త ఈకలు వచ్చాయి. కోడి చర్మం మానినంత తొందరగా మన కాలి పగుళ్లు కూడా మానవు!

కనపడని నాలుగింట్లో మూడు చీకటి పడే వేళకు చింతచెట్టు దిగి వచ్చాయి, నాలుగోది రెండు రోజులకు వచ్చింది. నాలుగూ నాటు పెట్టలే. చచ్చినవాటిలో ఎక్కువ వనరాజ. అవి బరువు, ఎగరలేవు. వనరాజ వద్దని కాదు. రాజేంద్రనగర్‌లో తయారు చేసిన ఆ జాతి బరువు బాగా వస్తుంది, గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది. కానీ వాటికి ఎగిరి తప్పించుకునే గుణం తక్కువ, పొదిగే గుణమూ తక్కువ. అవి ఉన్న ఇంట్లో కంచె గట్టిగా ఉండాలి, పొదగడానికి రెండు మూడు నాటు పెట్టలు ఉండాలి.

తల్లి లేని పిల్లలకు వరిపొట్టు పోసిన అట్టపెట్టెలో 60 వాట్ల పాత బల్బు వేలాడదీశాం. ఎల్ఈడీ బల్బు పెడితే వెలుతురే తప్ప వేడి రాదు. పిల్లలన్నీ బల్బు కింద కుప్ప పడితే చలి అని, గోడల దగ్గరికి పోయి నోరు తెరిస్తే వేడెక్కువ అని అర్థం. దాన్నిబట్టి బల్బు దించడం, ఎత్తడం. తొమ్మిదింట్లో ఏడు దక్కాయి.

చచ్చిన కోళ్లను ఏం చేద్దామన్న దగ్గర కొంచెం మాట పట్టింపు వచ్చింది. "వేడి మీదనే కోసుకుందాం, ఊకే పారేసుడెందుకు" అన్నవాళ్లు ఉన్నారు. కుక్క నోరు పడ్డవి, ఎండలో ఎంతసేపు పడున్నాయో తెలియనివి, ఆ కుక్కలకు పిచ్చి ఉందో లేదో తెలియదు. వండలేదు, అమ్మలేదు. ఫోటో తీసి, లెక్క రాసుకుని, నడుము లోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చి పైన బండ పెట్టాం. పైపైన పూడిస్తే కుక్కలు తవ్వి తింటాయి, చెరువు గట్టున పారేస్తే మనమే పిలిచి మేపినట్టు.

అసలు తగాదా మరునాడు మొదలైంది. మూడు కుక్కల్లో ఒకదానికి మెడలో పట్టీ ఉంది. అది మా సంఘంలోనే ఇంకో సభ్యురాలి కుక్క. "నా కుక్క కట్టేసే ఉంది, ఎవరు జూసిన్రు?" అని ఆమె. "నా కోళ్ల రక్తం దాని మూతికే ఉంది" అని ఈమె. రెండు వారాలు ఇద్దరూ సమావేశానికి రాలేదు. పొదుపు పైసలు పిల్లల చేతికిచ్చి పంపారు. కోళ్లు పోయినదానికంటే మాకు అదే ఎక్కువ భయం వేసింది. ఇంతలో యువకులు కొందరు మందు కలిపిన మాంసం పెడదామన్నారు.

ఆ మాటను మేము గట్టిగా అడ్డుకున్నాం. కుక్కకు విషం పెట్టడం నేరం, భారతీయ న్యాయ సంహిత 325 సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మాంసం ముక్కను కాకి ఎత్తుకుపోయి ఎవరి వాకిట్లో పడేస్తుందో ఎవరికి తెలుసు? మిగిలిన ఆరు కోళ్లూ పోతాయి, పిల్లలు ఆడుకునే చోటది. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషను, పిచ్చికుక్క టీకా చేయించే బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. ఆపరేషను చేసిన కుక్కను తిరిగి తెచ్చిన చోటే వదులుతారు. కాబట్టి పంచాయతీకి అర్జీ పెట్టినా మన కంచె మనకు తప్పదు. ఇంట్లో పెంచే కుక్క సంగతి వేరే. దాని టీకా, ఆపరేషను పెంచినవాళ్ల పని.

గ్రామ సంఘం సమావేశంలో ఇద్దరినీ కూచోబెట్టాం. కుక్కను తిట్టడానికి కాదు, లెక్క తేల్చడానికి అని ముందే చెప్పాం. మూడు కుక్కల్లో ఒకటే ఆమెది కాబట్టి మొత్తం నష్టం ఆమె మీద వేయడం న్యాయం కాదు, అసలేమీ వేయకపోవడమూ న్యాయం కాదు. గుడ్డుకు వచ్చే రెండు పెట్టలను ఆమె ఇచ్చింది, పగటిపూట కుక్కను కట్టేస్తానని తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టింది. కోళ్లు పోయిన అక్కకు సంఘం సొంత నిధి నుంచి చిన్న అప్పు ఇచ్చి, పాత అప్పు అసలుకు మూడు నెలలు గడువిచ్చాం. రెండు పెట్టలు ఏ మూలకని ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు. అనొచ్చు. కానీ ఇద్దరూ ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు, ఒకే ఆటోలో వచ్చారు.

ఇన్ని కుక్కలు ఎక్కడివి అని చూస్తే రోడ్డు పక్కన కల్వర్టు దగ్గర తేలింది. కోళ్ల సెంటర్ల వాళ్లు పేగులు, తలకాయలు అక్కడ పడేస్తున్నారు. పచ్చి కోడి వాసన అలవాటైన కుక్కకు మన వాకిలి ఎంత దూరం? గ్రామసభలో అర్జీ ఇచ్చాం. ఇప్పుడు వ్యర్థాలను పంచాయతీ ట్రాక్టరులో తీసుకుపోయి గుంటలో పూడుస్తున్నారు. ఆదివారాలు ఇంకా ఒకళ్లు సంచి పడేస్తూనే ఉన్నారు, మేము పోయి అడుగుతూనే ఉన్నాం.

ఇక కంచె. ఆరు మూలల సన్న జాలీ కోడిని లోపల ఉంచుతుంది గాని కుక్కను బయట ఆపదు, పళ్లతో చింపేస్తుంది. వెల్డ్ మెష్ ఖరీదెక్కువ, అయినా రాత్రి గూటి వరకైనా అదే వేయండి. ఐదడుగుల ఎత్తు ఉండాలి. కుక్క ఎగరడం కంటే తవ్వడమే ఎక్కువ. జాలీ అడుగు భాగాన్ని బయటి వైపు ఒక అడుగు నేల మీద పరిచి రాళ్లు పేర్చితే, తవ్వబోయిన చోట దాని కాలికి జాలీయే తగులుతుంది. పైసలు లేని ఇంట్లో తుమ్మ కంప, రేగు కంప దట్టంగా వేయండి, ప్రతి వానకు సరిచూడండి. గూడు రాళ్ల మీద రెండడుగులు ఎత్తులో ఉంటే పాముకు, ముంగిసకు కూడా కొంత అడ్డు. పొద్దు గూకే ముందు రోజూ ఒకే చోట గుప్పెడు నూకలు వేసి పిలిస్తే వారంలో అవే గూటికి వస్తాయి.

దాడి తర్వాత మిగిలిన కోళ్లు మూడు వారాల పాటు గుడ్డు పెట్టలేదు. "గుడ్డు లేని పెట్ట ఎందుకు" అని అమ్మేయొద్దు. భయం తగ్గాక పెడతాయి. కొత్త కోళ్లు ఒకేసారి సంతలో కొనుక్కురావొద్దు, వాటితో కొక్కెర రోగం వస్తుంది. రెండు వారాలు వేరుగా ఉంచి, టీకా వేయించాకే కలపండి.

నాట్ల నెలలో ఎవరు కాపలా అన్నది చివరికి ఇట్లా కుదిరింది. మా వాడలో ఎనిమిది ఇండ్లు. పొలం పోలేని ముసలమ్మలు ఇద్దరు, వంతుకు ఒకరు, వేపచెట్టు కింద కూచుంటారు. అందరి కోళ్లు ఆ ఒక్క దొడ్లోనే మేస్తాయి. ఇంటికి వారానికి రెండు గుడ్లు వాళ్లకిస్తాం. మొదట వద్దన్నారు, ఇప్పుడు లెక్క మేము మరిచినా వాళ్లు మరవరు.

ఆ జాలీ ముక్క, గూటి తలుపుకు వేసిన రెండు గడియలు బయట మా ఆటోలో తెచ్చాం. భోజనాలయ్యాక చూపిస్తాం, కొలతలు రాసుకునేవాళ్లు పెన్నూ కాగితం తెచ్చుకోండి.